యువత మాట ఫైలు దాకా వెళ్లాలంటే: పర్యావరణ విధానాల్లో యువతకు చోటిచ్చే పద్ధతి

పర్యావరణ దినోత్సవం రోజున వేదిక మీద నలుగురు విద్యార్థులను కూర్చోబెట్టి, తలా మూడు నిమిషాలు మాట్లాడించి, జ్ఞాపిక చేతికిచ్చి పంపేయడం ప్రభుత్వాలకు బాగా అలవాటైన పని. ఆ మాటలు ఏ ఫైల్లోనూ చేరవు. ఏ నిబంధనలోనూ ఒక్క పదం మారదు. ఇక్కడ చెప్పబోయేది వేరే పని గురించి. ప్రభుత్వ శాఖ గానీ, స్థానిక సంస్థ గానీ, వాటితో కలిసి నడిచే యువజన సంఘం గానీ యువత చెప్పినదాన్ని ముసాయిదాలోకి ఎలా ఎక్కించగలదన్నదే విషయం.

ఇది ఎందుకు చేయాలని పైఅధికారి అడిగితే ఫైల్లో మొదటి పేరాగా రాసుకోవడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం ప్రకారం, తమకు సంబంధించిన ప్రతి విషయంలో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉంది. వారి వయసును, పరిణతిని బట్టి ఆ అభిప్రాయానికి తగిన విలువ ఇవ్వాలి. ఒడంబడిక అమలును చూసే కమిటీ 2023లో 26వ సాధారణ వ్యాఖ్య వెలువరించి, ఈ హక్కు పర్యావరణానికి, వాతావరణ మార్పుకు ఎలా వర్తిస్తుందో విడమరిచింది. దాని తయారీలో 121 దేశాల పిల్లల నుంచి పదహారు వేలకు పైగా అభిప్రాయాలు తీసుకున్నారు. పర్యావరణం, అభివృద్ధిపై దేశాలు చేసిన 1992 రియో ప్రకటనలో 10వ సూత్రం పర్యావరణ నిర్ణయాల్లో ప్రజల భాగస్వామ్యాన్ని అడిగితే, 21వ సూత్రం నేరుగా యువత పేరే ఎత్తింది.

బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ ఆచార్యురాలు లారా లండీ 2007లో ఆ 12వ అధికరణాన్ని నాలుగు ముక్కలుగా విడగొట్టారు: చోటు, గొంతు, వినేవారు, ప్రభావం. ప్రభుత్వాలు ఎక్కువగా మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే ఫొటోకు అందేవి అవే. పని జరిగేది మాత్రం చివరి రెండింటిలో. అందుకే ఇక్కడ వరస తిరగేస్తున్నాం. ముందు నిర్ణయం, ఆ తర్వాతే యువత.

ఇంకా తేలని నిర్ణయాన్ని పట్టుకోండి

యువతతో సలహా మండలి పెట్టేశాక ఏం మాట్లాడించాలా అని ఆలోచించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పనిలేని మండలి మూడు సమావేశాల్లో నీరసపడిపోతుంది. ముందుగా, రాబోయే ఏడాదిలో మీ కార్యాలయం తీసుకోబోయే పర్యావరణ నిర్ణయాల జాబితా రాయండి: గాలి నాణ్యత ప్రణాళిక, చెత్త సేకరణ నిబంధనలు, చెరువుల హద్దులు, బస్సు మార్గాలు, అటవీ నిర్వహణ ప్రణాళిక, బడ్జెట్ ప్రతిపాదనలు. ఒక్కోదాని పక్కన అది ఏ దశలో ఉందో వేయండి. ముసాయిదా అచ్చుకు వెళ్లిపోయినవి, టెండర్లు పిలిచేసినవి కొట్టేయండి. మిగిలినవాటిలోంచి ఒక్కటే, మహా అయితే రెండు ఎంచుకోండి.

పర్యావరణ నిర్ణయాల్లో ప్రజల భాగస్వామ్యంపై కుదిరిన 1998 నాటి ఆర్హస్ ఒప్పందం 6వ అధికరణంలో దీనికి మంచి కొలబద్ద ఉంది: ప్రత్యామ్నాయాలన్నీ తెరిచి ఉన్న దశలోనే ప్రజలను పిలవాలి. అన్నీ అయ్యాక పిలిచి అభిప్రాయం అడిగితే వచ్చినవాళ్లకు గంగిరెద్దులా తల ఊపడం తప్ప చేయగలిగింది ఉండదు. పద్నాలుగేళ్ల పిల్లకు కూడా ఆ సంగతి పది నిమిషాల్లో అర్థమైపోతుంది. ఆ తర్వాత ఆమెను రెండోసారి రప్పించడం మీ తరం కాదు.

ఎంచుకున్న నిర్ణయానికి ఒకే పేజీలో నిర్ణయ పత్రం రాయండి. ఏ నిర్ణయం, దాని మీద చివరి సంతకం ఎవరిది, ఏ తేదీలోగా, అందులో మార్చడానికి వీలున్నవి ఏవి, చట్టం వల్లనో డబ్బు వల్లనో మార్చలేనివి ఏవి, యువతకు జవాబు ఎవరు ఎప్పటిలోగా ఇస్తారు అన్నవి అందులో ఉండాలి. మార్చలేనివాటిని దాచకండి. ‘చెత్త లారీల సంఖ్య పెంచలేం, కానీ సేకరణ వేళలు, మార్గాలు, పొడి చెత్త కేంద్రాల స్థలాలు మార్చవచ్చు’ అని మొదటే చెబితే చర్చ అక్కడే జరుగుతుంది. దాచిపెడితే నాలుగు సమావేశాలు లారీల మీదే ఖర్చవుతాయి. ఈ పత్రం మీద సంతకం చేయాల్సింది కింది స్థాయి సమన్వయకర్త కాదు, నిర్ణయం తీసుకునే అధికారే. ఆయన సంతకం పెట్టనంటే కార్యక్రమం అక్కడే ఆపేయడం మేలు.

కాలపట్టిక వెనక నుంచి లెక్కించండి. ముసాయిదా ఖరారయ్యే వారానికి 26 వారాల ముందు నిర్ణయ పత్రం సిద్ధం కావాలి. 22 వారాల ముందు సభ్యుల నమోదు మొదలవ్వాలి, 18 వారాల ముందు వారిని ఎంచే లాటరీ తీయాలి. మొదటి సమావేశం 16 వారాల ముందు. ఆపై మూడేసి వారాలకొకటి చొప్పున మొత్తం ఐదు సమావేశాలు. ఐదోది ముగిసేసరికి ఇంకా నాలుగు వారాలు మిగులుతాయి. సిఫార్సులను ముసాయిదాలో కలపడానికి అధికారులకు కావాల్సిన గడువు అదే. పరీక్షల నెలలు మధ్యలో వస్తే పట్టికనే జరపండి. పరీక్షల ముందు వారంలో పెట్టిన సమావేశానికి సగం మంది రారు, వచ్చినవాళ్లూ మనసు పెట్టరు. అంశం డబ్బుతో ముడిపడినదైతే శాఖలు తమ అంచనాలు పంపే తేదీకంటే ముందే అంతా ముగియాలి.

ఎవరిని, ఎలా

సంస్థలను ‘మీ నుంచి ఇద్దరిని పంపండి’ అని అడిగితే బాగా మాట్లాడేవాళ్లు, మొదటి ర్యాంకు వాళ్లు, తెలిసినవాళ్ల పిల్లలు వస్తారు. వక్తృత్వ పోటీ పెట్టి ఎంచుకున్నా అంతే. కాలుష్యం పక్కన బతికేవాడు, చదువు మానేసి పనికి పోయేవాడు ఆ గదిలో కనబడరు. లాటరీయే మంచి పద్ధతి, అయితే చీటీలన్నీ ఒకే డబ్బాలో వేసి తీసే లాటరీ కాదు, ఒక్కో వర్గానికి ఇన్ని సీట్లని పెట్టి విడివిడిగా తీసే వర్గాలవారీ లాటరీ.

ఒక మధ్యస్థాయి పాలనా ప్రాంతానికి 24 మంది సరిపోతారు. చిన్నచోట 12 చాలు. 30 దాటితే అందరికీ మాట్లాడే వంతు రాదు. 14 నుంచి 17 ఏళ్ల వారు సగం, 18 నుంచి 24 ఏళ్ల వారు సగం ఉండేలా చూడండి. రెండు వయసులనూ ఒకే బల్ల దగ్గర కలిపేస్తే ఇరవై రెండేళ్లవాడు మాట్లాడుతూ ఉంటాడు, పదిహేనేళ్లవాడు వింటూ ఉంటాడు. అందుకే చిన్న బృందాల్లో వయసులవారీగా విడిగా కూర్చోబెట్టి, తర్వాత కలపండి. సగం సీట్లు అమ్మాయిలకు. కనీసం మూడో వంతు చదువు బయట ఉన్నవారికి, అంటే పనిచేసేవారికి, సేద్యం, చేపల వేట, చెత్త ఏరడం వంటి బతుకుతెరువులున్న కుటుంబాల వారికి. వైకల్యం ఉన్నవారికి విడిగా సీట్లు పెట్టండి.

దరఖాస్తు అరపేజీ దాటకూడదు: వయసు, ప్రాంతం, చదువు లేదా పని, ఎలాంటి సాయం అవసరం. ‘పర్యావరణం పట్ల మీ అభిరుచిని వ్యాసంగా రాయండి’ అనే గడి ఉంటే కొట్టేయండి, అది తెలివిగా తలుపు మూసేయడమే. 24 సీట్లకు కనీసం 240 దరఖాస్తులు వచ్చేలా తిరగండి. ఏదైనా వర్గంలో సీట్లకు మూడు రెట్ల దరఖాస్తులైనా రాకపోతే గడువు రెండు వారాలు పెంచి, వాళ్లున్న చోటికే మనిషిని పంపండి. ఫోన్‌లో నింపే ఫారం ఒక్కటే పెడితే, ఇప్పటికే ఆసక్తి ఉన్నవాళ్లే మళ్లీ మళ్లీ దొరుకుతారు. లాటరీ అందరి ఎదుటా తీయండి. ప్రతి వర్గం నుంచి అదనపు పేర్లు కూడా తీసి పెట్టుకోండి, 24కు ఆరు చొప్పున. మొదటి రెండు సమావేశాల లోపు ఎవరో ఒకరు మానేస్తారు.

ఐర్లండ్‌లో 2022లో జీవవైవిధ్య నష్టంపై జరిపిన బాలల, యువజనుల సభలో 7 నుంచి 17 ఏళ్ల వారు 35 మంది కూర్చున్నారు. ఏడేళ్ల పిల్లలకు ఏం తెలుసు అనేవారికి ఈ ఉదాహరణ చాలు. చెప్పుకోవాల్సిన సంగతి ఇంకోటి ఉంది: సభను ఎలా నడపాలో రూపొందించడంలోనే పిల్లల సలహా బృందం పాలుపంచుకుంది. మీరు కూడా మొదటి సమావేశానికి ముందే నలుగురైదుగురు కుర్రవాళ్లకు ఎజెండా చూపించి ఎక్కడ విసుగొస్తుందో అడగండి. మొహమాటం లేకుండా చెబుతారు.

డబ్బు, అనుమతులు, భద్రత

ప్రయాణం, భోజనం, ఫోన్ డేటా, పనికి పోయేవారికి ఆ రోజు పోయే కూలి ఇవన్నీ ముందే ఇవ్వాలి. ‘బిల్లులు పెట్టండి, తర్వాత ఇస్తాం’ అంటే చేతిలో డబ్బున్నవాళ్లే మిగులుతారు. కార్యక్రమ బడ్జెట్‌లో ఫ్లెక్సీలకు, వేదిక అలంకరణకు పెట్టిన మొత్తం రాకపోకల ఖర్చును మించిందంటే అది సంప్రదింపు కాదు, వేడుక. ప్రతి ఆరుగురు నుంచి ఎనిమిది మందికి చర్చ నడిపే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి శాఖ ఉద్యోగి కాకూడదు. సంజ్ఞా భాష తెలిసినవారు, మరో భాషలోకి చెప్పేవారు అవసరమైతే దరఖాస్తు దశలోనే తెలుస్తుంది కాబట్టి ఆ ఖర్చూ అప్పుడే రాసుకోండి.

18 నిండనివారికి రెండు అనుమతులు తీసుకోవాలి: తల్లిదండ్రులది ఒకటి, పిల్లలది ఒకటి. తల్లిదండ్రులు సరేనన్నంత మాత్రాన పిల్లవాడు ఒప్పుకున్నట్టు కాదు. ఫొటోకు, పేరు వాడటానికి విడివిడిగా అడగండి. పెద్దవాళ్లెవరూ ఒంటరిగా ఒక పిల్లవాడితో ఉండకూడదన్న నియమం పెట్టండి, ఫిర్యాదు ఎవరికి చేయాలో పేరు గోడ మీద రాయండి. ఇసుక, గనులు, పరిశ్రమల వ్యర్థాలు వంటి అంశాల్లో స్థానికంగా బలమున్నవారిని తప్పుపట్టాల్సి వస్తుంది. అప్పుడు మినిట్స్‌లో (సమావేశం రాతప్రతిలో) ‘ఫలానా ఊరి ఫలానా అమ్మాయి అన్నది’ అని రాయకండి. మాటను మండలి మాటగా రాయండి. ఊరు, వయసు, బడి కలిపి రాసినా చిన్నచోట మనిషిని గుర్తుపట్టేస్తారు.

చదవడానికి ఏమివ్వాలి

రెండు వందల పేజీల ముసాయిదా ఇచ్చి ‘అభిప్రాయం చెప్పండి’ అంటే అది అడగనట్టే లెక్క. నాలుగు నుంచి ఆరు పేజీల వివరణ పత్రం తయారుచేసి, సమావేశానికి పది రోజుల ముందు చేతికందించండి. సమస్య ఏమిటి, ఇప్పుడున్న నియమం ఏమిటి, పరిశీలనలో ఉన్న దారులు ఏవి, ఒక్కోదాని వల్ల లాభం ఎవరికి, నష్టం ఎవరికి, ఖర్చు ఎంత అన్నవి చాలు. అధికారులు తమకు నచ్చిన దారికి రెండు పేజీలు, మిగతావాటికి రెండు వాక్యాలు రాసే అలవాటుంది. దాన్ని పట్టుకోవడానికి ఆ శాఖతో సంబంధం లేని ఒకరితో పత్రం చదివించండి.

అంకెల దగ్గర ప్రత్యేకంగా ఆగాలి, పొరపాట్లన్నీ అక్కడే. గాలినే తీసుకోండి. పీఎం 2.5కు, అంటే గాలిలోని అతి సన్నని ధూళి కణాలకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శక పరిమితి ఏడాది సగటుకు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు, 24 గంటల సగటుకు 15. ఒక రోజు రీడింగ్ తీసుకుని ఏడాది పరిమితితో పోల్చి ‘ఇన్ని రెట్లు ఎక్కువ’ అని రాయడం తరచూ జరిగే తప్పు. గాలి నాణ్యత సూచీ అంకెను మైక్రోగ్రాములుగా రాయడం ఇంకోటి. ఇలాంటి ఒక్క తప్పు దొరికితే చాలు, వ్యతిరేకించేవారు మిగతా పది మంచి సిఫార్సులనూ దానితోపాటే కొట్టేస్తారు. కాబట్టి మొదటి సమావేశంలోనే ఒక గంట కేటాయించి ప్రతి అంకెను నాలుగు ప్రశ్నలు అడగడం నేర్పండి: ఏం కొలిచారు, ఎక్కడ కొలిచారు, ఎంతసేపటి సగటు, ఏ యూనిట్?

యువత సొంతంగా ఆధారాలు సేకరిస్తే మంచిదే, కానీ వాటి హద్దులు తెలిసి ఉండాలి. చవక సెన్సర్లు గాలిలో తేమ ఎక్కువైనప్పుడు పీఎం 2.5ను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. ముందు రెండు వారాలు ప్రభుత్వ కేంద్రం పక్కనే పెట్టి రెండు రీడింగులనూ పోల్చి, తేడా రాసుకుని, ఆ తర్వాతే వేరే చోటికి తీసుకెళ్లండి. నీటి పరీక్ష పట్టీలు అనుమానం తెలపడానికి పనికొస్తాయి, రుజువుకు ప్రయోగశాల నివేదిక కావాలి. ఫొటో తీస్తే తేదీ, సమయం, స్థలం రాసి పెట్టాలి. ఒక్కరోజు తీసిన ముప్పై ఫొటోల కంటే అదే చోట వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు తీసినవి బలమైనవి.

సమావేశం లోపల

మూడు గంటలు మించకండి. మొదటి 20 నిమిషాలు గతంలో అడిగినవాటికి ఏమైందో చెప్పండి. తర్వాత 15 నిమిషాలు అంశ పరిచయం. 30 నిమిషాలు నిపుణులకు: భిన్నాభిప్రాయాలున్న ఇద్దరు, చెరో ఐదు నిమిషాలు, మిగతా ఇరవై ప్రశ్నలకు. 15 నిమిషాల విరామం. 50 నిమిషాలు ఆరుగురేసి బృందాల్లో పని. 30 నిమిషాలు అందరూ కలిసి. చివరి 20 నిమిషాలు ఏం తేలింది, ఎవరేం తేవాలి అన్నదానికి. ప్రారంభోపన్యాసం ఈ లెక్కలో లేదు, కావాలనే వదిలేశాం. ఇక జ్యోతి ప్రజ్వలన, శాలువాలు మొదలైతే గంట పోతుంది. ఆ గంట కోత పడేది ఎప్పుడూ బృంద చర్చకే.

బృందాల్లో ముందు రాత, తర్వాత మాట. ఐదు నిమిషాలు ఎవరికి వారు చీటీ మీద రాసి బల్ల మీద పెట్టి, ఆపై చర్చ మొదలుపెడితే నెమ్మదస్తుల ఆలోచనలు కూడా బయటకు వస్తాయి. రాయలేనివారికి పక్కనున్న సహాయకుడు రాసిపెడతాడు. అధికారి గదిలో ఉండాలి, కానీ బృంద చర్చలో నోరు మెదపకూడదు. ‘అది సాధ్యం కాదమ్మా’ అని మొదటి పది నిమిషాల్లో ఒక్కమాట అన్నాడంటే ఆ బల్ల దగ్గర చర్చ అయిపోయినట్టే. ఆయనకూ ఒక చీటీ ఇవ్వండి, సాధ్యాసాధ్యాల సందేహాలు రాసుకుని చివర్లో చెబుతాడు. అధికారులు లేకుండా యువత మాత్రమే కూర్చునే గంటన్నర ముందస్తు సమావేశం ఒకటి ప్రతిసారీ పెట్టండి. అసలు మాటలు ఎక్కువగా అక్కడే బయటపడతాయి.

సిఫార్సు రాయడం

ఇక్కడ మిగతా అన్ని చోట్లకంటే ఎక్కువ సమయం పెట్టాలి. ఐదు సమావేశాల్లో చివరి రెండూ దీనికే. మంచి ఆలోచన నీరసమైన వాక్యంగా మారి బుట్టదాఖలయ్యేది ఈ దశలోనే.

‘మొక్కలు విరివిగా నాటాలి’ అని రాస్తే అధికారి సంతోషంగా ‘అంగీకరించాం’ అని రాసేస్తాడు. ఏమీ మారదు, ఎందుకంటే ఆయన ఏటా ఎలాగూ నాటిస్తూనే ఉన్నాడు. అదే విషయాన్ని ఇలా రాసి చూడండి: ‘ముసాయిదాలో “ఏటా నాటిన మొక్కల సంఖ్య” అని ఉన్నచోట “నాటిన మూడేళ్లకు బతికున్న మొక్కల సంఖ్య” అని మార్చాలి. ఈ లెక్క ఏటా అదే నెలలో తీసి, వార్డులవారీగా ప్రజలకు కనబడేలా పెట్టాలి. గుత్తేదారుకు చివరి విడత చెల్లింపును ఈ లెక్కతో ముడిపెట్టాలి.’ కొలిచే మాటలో మారిన పదాలు పట్టుమని పది లేవు. కానీ గుంత తవ్వి వదిలేయడం ఇక లాభసాటి కాదు, నీళ్లు పోయడం లాభసాటి అవుతుంది. కొలిచేదాన్ని మారిస్తే పనే మారుతుందన్న ఈ ఒక్క సూత్రం యువతకు పట్టుబడితే వాళ్లే మిగతా క్లాజులను వెతుక్కుంటారు.

ప్రతి సిఫార్సులో ఏ క్లాజు, ఏ పదాల బదులు ఏ పదాలు, అమలు చేసేది ఎవరు, డబ్బు ఏ పద్దు నుంచి, ఫలితం ఎలా కొలుస్తారు అన్నవి ఉండాలి. ఇంకోటి కూడా కావాలి, దీన్ని ఎక్కువమంది మరిచిపోతారు: ఈ మార్పు వల్ల నష్టపోయేది ఎవరు, వాళ్లకేం చేయాలి? ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను ఆపమన్నప్పుడు తోపుడుబండి మీద అమ్ముకునేవాడి సంగతి రాయని సిఫార్సును పక్కన పెట్టడానికి ఆ తోపుడుబండే సాకు అవుతుంది.

ఎనిమిదికి మించి పంపకండి. నలభై పంపితే తేలికైన పదిహేను ఎంచుకుని ‘మూడో వంతుకు పైగా ఆమోదించాం’ అని ప్రకటించుకునే వీలుంటుంది. ఓటు పెట్టినప్పుడు అంకెలు రాయండి: 17 మంది అనుకూలం, 5 వ్యతిరేకం, 2 తటస్థం. వ్యతిరేకించినవారి కారణాన్ని రెండు వాక్యాల్లో చేర్చండి. ఇరవై నలుగురూ ఏకాభిప్రాయమని రాసిన నివేదికను చూస్తే పెద్దవాళ్లెవరో దిద్దారన్న అనుమానమే వస్తుంది. భాషను పెద్దవాళ్లు ‘మెరుగుపరచకూడదు’. చట్ట పదజాలంలోకి మార్చాల్సి వస్తే యువత రాసిన మూల వాక్యం, మార్చిన వాక్యం పక్కపక్కనే ఉంచండి.

జవాబు

సిఫార్సులు అందిన 60 రోజుల్లో, వీలైతే ముసాయిదాతోపాటే, లిఖితపూర్వక జవాబు బయటపెట్టాలి. ఒక్కో సిఫార్సుకు మూడింటిలో ఒక మాట: ఒప్పుకున్నాం, కొంత ఒప్పుకున్నాం, ఒప్పుకోలేదు. దాని పక్కన కారణం, బాధ్యత వహించే పదవి, తేదీ. ‘పరిశీలనలో ఉంది’ అనేది జవాబు కిందకు రాదు. ‘ఇప్పటికే చేస్తున్నాం’ అంటే ఎక్కడ, ఎప్పటి నుంచి అన్నది జత చేయాలి. ‘సంబంధిత శాఖలన్నీ’ అని రాస్తే తిలాపాపం తలా పిడికెడు అవుతుంది, ఒక్క పదవి పేరే ఉండాలి. ఒప్పుకోకపోవడం తప్పేమీ కాదు. చట్టం అడ్డొస్తే ఏ సెక్షనో, డబ్బు చాలకపోతే ఎంత తక్కువో, ఆధారాలు చాలకపోతే ఏ ఆధారం కావాలో రాస్తే చాలు. కారణంతో కాదన్నా కుర్రవాళ్లు తట్టుకుంటారు. జవాబే రాకపోతే మాత్రం తట్టుకోలేరు.

మొదట్లో ఎక్కువ మాట ఇచ్చి తర్వాత తగ్గించడం ఎంత చేటో ఫ్రాన్స్‌లో చూడొచ్చు. 2019–20లో లాటరీతో ఎంపికైన 150 మందితో, పదహారేళ్ల వారితో సహా, వాతావరణంపై పౌర సదస్సు జరిగింది. ప్రతిపాదనలను వడపోత లేకుండా ముందుకు పంపుతామని అధ్యక్షుడు మాటిచ్చారు. వచ్చిన 149లో మూడింటిని ఆయనే పక్కన పెట్టారు, ఇంకా చాలా వాటి పదును చట్టంలోకి వచ్చేసరికి తగ్గింది. 2021లో చివరి సమావేశంలో సభ్యులు ప్రభుత్వం తమ ప్రతిపాదనలను పట్టించుకున్న తీరుకు పదికి సగటున 3.3 మార్కులు వేశారు. అందుకే ‘అన్నీ అమలు చేస్తాం’ అని మాటివ్వకండి. ‘అన్నిటికీ కారణం చెబుతాం’ అనండి.

ఆరు నెలలు గడిచాక ఒకసారి, ఏడాది గడిచాక ఒకసారి అదే సభ్యులను మళ్లీ పిలిచి, అదే పట్టికలో ఎక్కడిదాకా వచ్చిందో చూపించండి. ఈ సమావేశాల ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే లేకపోతే ఇవి జరగవు.

ఉత్తర్వులో ఏముండాలి

ఒక అధికారి ఉత్సాహంతో పుట్టిన మండలి ఆయన బదిలీతో పోతుంది. రెండో విడత మొదలయ్యేలోపు దాన్ని ఉత్తర్వుగానో, స్థానిక సంస్థ తీర్మానంగానో, వీలైతే నిబంధనగానో మార్చాలి. పదవీకాలం రెండేళ్లు, ఏటా సగం మంది మారాలి, అప్పుడు పాతవారు కొత్తవారికి నేర్పుతారు. కోరం (సమావేశం చెల్లడానికి కావాల్సిన హాజరు) సగం, అందులో 18 లోపు వారు కనీసం మూడో వంతు. ముసాయిదా ప్రజలకు విడుదలయ్యే ముందు మండలికి 30 రోజులు అందుబాటులో ఉండాలి. జవాబు గడువు ఉత్తర్వులోనే అంకెల్లో ఉండాలి. మండలి పనికి ఒక ఉద్యోగి సమయం, ఒక బడ్జెట్ పద్దు కేటాయించాలి. సభ్యుల తొలగింపు శాఖ ఇష్టం మీద ఆధారపడకూడదు. అసౌకర్యమైన నివేదిక వచ్చాక అవసరపడే క్లాజు ఇదే, ముందు రాసేటప్పుడు ఎవరికీ గుర్తురాదు.

జవాబు చెప్పే బాధ్యతను చట్టంలో పెట్టవచ్చని వేల్స్ చూపింది. అక్కడి 2015 భవిష్యత్ తరాల సంక్షేమ చట్టం ఒక కమిషనర్ పదవిని ఏర్పాటు చేసింది. కమిషనర్ సిఫార్సులకు ప్రభుత్వ సంస్థలు తమ స్పందనను ప్రచురించాలి, పాటించకపోతే కారణం చెప్పాలి.

మండలి లేని చోట

ప్రభుత్వం పిలవకపోయినా దారులుంటాయి. ముసాయిదాలపై ప్రజాభిప్రాయం కోరే గడువులు, ప్రాజెక్టులపై బహిరంగ విచారణలు, సమాచారం అడిగే చట్టాలు ఉన్నచోట అవి అందరికీ తెరిచే ఉంటాయి. వాటిలో వయసు పరిమితి ఉందేమో ముందు చూసుకోండి, ఉంటే పెద్దవారి సంతకంతో సంఘం తరఫున పంపండి. ఒకే నమూనా లేఖను అయిదు వందల మంది పంపితే దాన్ని ఒకే అభిప్రాయంగా కట్టగట్టేస్తారు. దానికంటే ఇరవై మంది, ఒక్కొక్కరు తమ చోటి వాస్తవం ఒకటి, క్లాజు సంఖ్య ఒకటి, కోరే మార్పు ఒకటి రాసి ఒక్కో పేజీ పంపితే ఇరవైటికీ విడివిడిగా జవాబు రాసుకోవాల్సి వస్తుంది. గడువుకు మూడు రోజుల ముందే పంపండి, అందినట్టు రసీదు తీసుకోండి. తర్వాత ‘అభ్యంతరాలేవీ రాలేదు’ అన్న మాట ఫైల్లో కనబడితే అప్పుడు పనికొచ్చేది ఆ రసీదే.

కోర్టు దారి పొడవైనది, అడిగే ప్రశ్న సూటిగా ఉంటేనే నడవదగ్గది. జర్మనీలో యువత వేసిన కేసులో 2021 మార్చిలో రాజ్యాంగ న్యాయస్థానం, 2030 తర్వాతి ఉద్గారాల తగ్గింపును సరిగా నిర్దేశించని వాతావరణ చట్టాన్ని తప్పుపట్టింది. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి, కర్బన తటస్థత లక్ష్యాన్ని 2050 నుంచి 2045కు జరిపారు. పసిఫిక్ దీవుల్లో 27 మంది న్యాయవిద్యార్థులు 2019లో ఇంకో దారి పట్టారు. వాతావరణ మార్పుపై దేశాల బాధ్యతలేమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడిగించాలని తమ ప్రాంత ప్రభుత్వాలను కోరారు. ఆ ప్రాంతపు ద్వీప దేశం వనువాటు దాన్ని భుజానికెత్తుకుంది. 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ ప్రశ్నను న్యాయస్థానానికి పంపింది, 2025 జులైలో సలహా తీర్పు వెలువడింది. తరగతి గది నుంచి తీర్పు దాకా ఆరేళ్లు. ఆ మధ్యలో విద్యార్థులు పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోతూ ఉంటారు కాబట్టి, ఇలాంటి పని తలపెట్టే సంఘం మొదటి రోజే పత్రాలన్నీ ఒకచోట భద్రపరిచే ఏర్పాటు, బాధ్యత అప్పగించే పద్ధతి రాసి పెట్టుకోవాలి: ఏ లేఖ ఎవరికి వెళ్లింది, ఎప్పుడు జవాబు వచ్చింది, తర్వాత ఎవరిని కదపాలి.